తేడా చెప్పే చిట్టెలుక!

ఒకే జ్వరం... ఒకరిని రెండురోజుల్లో వదిలేస్తుంది. మరొకరిని ఆసుపత్రి పాల్జేస్తుంది. ఒకే మాత్ర ఒకరికి హాయినిస్తుంది. ఇంకొకరి కాలేయాన్ని ఇబ్బంది పెడుతుంది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఈ తేడా ఒంట్లో ఎక్కడ దాక్కుంది? ఆ గుట్టు విప్పే పనిని శాస్త్రవేత్తలు అరచేతిలో ఇమిడే ఓ బుల్లిప్రాణికి అప్పగించారు!

ఇంట్లో నలుగురికీ ఒకే వారంలో జ్వరం తగులుకుంది. అదే ఇల్లు, అవే దోమలు, అదే వంట. చిన్నోడు మూడోరోజుకే లేచి బ్యాటు పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. అమ్మకి ఒళ్లు కాస్త వెచ్చబడిందంతే. నాన్న వారం రోజులు ఆఫీసుకి సెలవు పెట్టాడు. బాబాయి మాత్రం నెల గడిచినా 'కీళ్లు పట్టేశాయిరా' అంటూ మంచం దిగలేదు.

ఇలాంటప్పుడు పెద్దవాళ్లు ఒక్కమాటతో తేల్చేస్తారు... 'ఎవరి ఒంటితత్వం వాళ్లది' అని.

మాట నిజమే. కానీ ఆ ఒంటితత్వం అంటే ఏంటి? వయసు, తిండి, గతంలో వచ్చిన జబ్బులు... వీటన్నిటికీ అందులో వాటా ఉంది. వాటితోపాటు అమ్మానాన్నల నుంచి వచ్చిన జన్యువులకీ పెద్ద వాటానే ఉంది. ఏ వాటా ఎంతో తేల్చాలంటే మనుషుల మీద కుదరదు. వందమందికి పుట్టినప్పట్నుంచీ ఒకే తిండి పెట్టి, ఒకే గదిలో ఉంచి, ఒకేరోజు ఒకే వైరస్‌ ఎక్కించి ఎవరేమవుతారో చూస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా. అందుకే చిట్టెలుక కావాల్సివచ్చింది.

అయితే ఇక్కడో చిత్రం ఉంది. తేడాల గుట్టు విప్పాల్సిన ఆ ఎలుకల్ని శాస్త్రవేత్తలు దాదాపు వందేళ్లపాటు ఏ తేడా లేకుండా పెంచుకుంటూ వచ్చారు. ఎందుకలా చేశారు? పోయిన తేడాల్ని మళ్లీ ఎలా తీసుకొచ్చారు? వాటిని చదవడానికి ఏ పనిముట్లు తయారుచేసుకున్నారు? అదంతా ఓ పెద్ద కథ.

టీచరమ్మ పెంచిన ఎలుకలు

ఆ కథ మొదలైంది ప్రయోగశాలలో కాదు, ఓ పల్లెటూరి పెరట్లో. అమెరికాలోని మసాచుసెట్స్‌ రాష్ట్రంలో గ్రాన్‌బీ అనే చిన్న ఊరుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆబీ లాత్రప్‌ అనే ఆవిడ అక్కడ ఉండేది. బడిలో పాఠాలు చెప్పేది. ఆరోగ్యం సహకరించక మానేసింది. కోళ్లు పెంచింది. కలిసిరాలేదు. ఆ రోజుల్లో అమెరికాలోనూ ఐరోపాలోనూ రంగురంగుల చిట్టెలుకల్ని ముచ్చటగా పెంచుకోవడం ఓ సరదా. తెల్లవి, నల్లవి, మచ్చలవి, బొంగరంలా గిరగిరా తిరిగేవి... రకరకాలుగా ఉండేవి. లాత్రప్‌ ఓ జతతో ఆ వ్యాపారం మొదలెట్టింది. కొన్నేళ్లకు ఆవిడ దగ్గర ఎలుకల సంఖ్య పదకొండువేల దాకా చేరింది! పంజరాలు శుభ్రం చేయడానికి వచ్చే ఊరి పిల్లలకు గంటకు ఏడు సెంట్లు ఇచ్చేది.

కొనేవాళ్లలో సరదాకి పెంచుకునేవాళ్లతోపాటు శాస్త్రవేత్తలూ ఉండేవారు. హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలో విలియం కాజిల్‌ అనే ఆచార్యుడు తన పరిశోధనలకు ఆవిడ దగ్గరే ఎలుకల్ని తెప్పించుకునేవాడు. ఓసారి లాత్రప్‌ కొన్ని ఎలుకల చర్మం మీద గడ్డల్ని గమనించింది. పోనీలే అని వదిలేయలేదు. పరిశోధకులకి ఉత్తరాలు రాసింది. అవి క్యాన్సర్‌ గడ్డలని లియో లోబ్‌ అనే వైద్యుడు తేల్చాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఏ ఎలుకకు ఏ ఎలుక పుట్టిందో ఆవిడ పుస్తకాల్లో పక్కాగా రాసిపెట్టుకునేది కాబట్టి ఓ విషయం బయటపడింది. కొన్ని ఎలుక కుటుంబాల్లో క్యాన్సర్‌ తరచూ వస్తోంది. కొన్నింటిలో చాలా అరుదు. పంజరాలు అవే, మేత అదే. తేడా ఉన్నది వంశంలోనే!

1918లో లాత్రప్‌ చనిపోయింది. ఆవిడ ఎలుకల సంతతి మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా ఉంది.

అచ్చుగుద్దినట్టు...

కాజిల్‌ దగ్గర చదువుకున్న కుర్రాడు క్లారెన్స్‌ కుక్‌ లిటిల్‌. ఎలుకల మీద పరిశోధన చేస్తుంటే అతనికో చిక్కొచ్చిపడింది. ఒకే ప్రయోగం రెండుసార్లు చేస్తే రెండు ఫలితాలు వస్తున్నాయి. మందు పనిచేసిందా, ఎలుకే వేరా... తెలిసేదెలా? అందుకని 1909లో ఓ సాహసానికి దిగాడు. అన్నాచెల్లెళ్ల ఎలుకల్ని జతకట్టించాడు. వాటి పిల్లల్లోనూ మళ్లీ అన్నాచెల్లెళ్లనే. అలా తరం తర్వాత తరం.

మేనరికాలు ఎక్కువైతే పిల్లల్లో వంశపారంపర్య జబ్బులు బయటపడే ప్రమాదం ఎక్కువని వైద్యులు హెచ్చరిస్తుంటారు కదా... ఇక్కడ జరిగింది దానికి ఎన్నో రెట్లు. మొదట్లో చాలా ఎలుకలు బలహీనపడి చనిపోయాయి. తట్టుకుని నిలబడ్డవాటితో ఓ వంశం తయారైంది. దాని పేరు డీబీఏ. ప్రపంచంలో అలా పుట్టిన మొదటి చిట్టెలుక వంశం అదే.

వరసగా ఇరవై తరాలు ఇలా పెంచితే ఆ వంశంలోని ఎలుకలన్నీ జన్యుపరంగా దాదాపు ఒక్కటైపోతాయి. అచ్చుగుద్దినట్టు కవలపిల్లలే అన్నమాట! మనుషుల్లో ఇరవై తరాలంటే శ్రీకృష్ణదేవరాయల కాలం నుంచి నేటిదాకా. చిట్టెలుకకి గర్భం మూడువారాలే, పుట్టిన రెండునెలలకే అది తల్లవుతుంది. కాబట్టి ఆరేడేళ్లలో ఆ పని అయిపోతుంది.

1921లో లిటిల్‌ మరో వంశానికి శ్రీకారం చుట్టాడు. లాత్రప్‌ పెరట్లోంచి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుక సంతానంలోని నల్లవాటితో మొదలైన ఆ వంశం పేరు 'సి57 బ్లాక్‌'. దాని శాఖే 'బ్లాక్‌ సిక్స్‌'. జీవశాస్త్ర పరిశోధనల్లో అత్యధికంగా వాడే ఎలుక ఇదే. 1929లో లిటిల్‌ మెయిన్‌ రాష్ట్రంలోని బార్‌ హార్బర్‌ అనే సముద్రతీరపు ఊళ్లో జాక్సన్‌ లేబొరేటరీని స్థాపించాడు. 1947లో అక్కడి అడవుల్లో రేగిన కార్చిచ్చు ఆ ప్రయోగశాలను బుగ్గిచేసింది. వేల ఎలుకలు కాలిపోయాయి. ఇక అంతా అయిపోయిందనుకున్నారు. కానీ అంతకుముందు అక్కణ్నుంచి ఎలుకల్ని తీసుకెళ్లిన పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వాటి పిల్లల్ని తిరిగి పంపించారు. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒక్కటే కావడం ఆరోజు అలా అక్కరకొచ్చింది!

ఆ ఏకరూపం ఇంకోరకంగానూ మేలు చేసింది. తెల్లబట్ట మీద చిన్న మరక కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా... అలా 1949లో అదే ప్రయోగశాలలో ఓ లావాటి ఎలుక కంటపడింది. ఎంత తిన్నా దానికి ఆకలి తీరదు. ఆ ఎలుకలో చెడిపోయిన జన్యువును 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌ బృందం పట్టుకుంది. 'ఇక చాలు' అని మెదడుకి చెప్పే లెప్టిన్‌ అనే హార్మోను సంగతి అలాగే తెలిసింది. అవయవ మార్పిడిలో ఒకరి శరీరం మరొకరి అవయవాన్ని ఎందుకు తిప్పికొడుతుందో అక్కడే ఎలుకల మీద తేల్చిన జార్జ్‌ స్నెల్‌ 1980లో నోబెల్‌ బహుమతి పంచుకున్నాడు.

ఒక్కరిని అడిగితే ఎలా?

ఇంతవరకూ బాగానే ఉంది. మరి చిక్కెక్కడొచ్చింది?

ఓ ఊరి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవాలి. ఒకే మనిషిని పిలిచి, అతన్నే వెయ్యిసార్లు పరీక్షిస్తే ఊరి సంగతి తెలుస్తుందా? బ్లాక్‌ సిక్స్‌ ఎలుకల్ని వెయ్యింటిని పరీక్షించడమంటే దాదాపు అదే! ఆ ఎలుకలో ఓ మందు బాగా పనిచేస్తే... 'ఇలాంటి ఒంటితత్వం ఉన్న ఒకరికి పనిచేసింది' అని అర్థం. అందరికీ పనిచేస్తుందని కాదు.

పైగా గుండెజబ్బు, మధుమేహం, ఉబ్బసం, రక్తపోటు లాంటివి ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. పదుల, వందల జన్యువులు తలా ఓ చెయ్యి వేస్తాయి. అలాంటివాటి గుట్టు తెలియాలంటే తేడాలున్న ఎలుకలే కావాలి. అలాగని ఇష్టమొచ్చినట్టు కలిపేస్తే మళ్లీ లిటిల్‌కి ఎదురైన తలనొప్పే. తేడాలుండాలి... అవి లెక్కలో ఉండాలి. ఈ రెండూ కలిసిన ఎలుకలు కావాలి.

మందు ఎలుక... మడి ఎలుక

దానికో ఉపాయం 1970ల్లో జాక్సన్‌ లేబొరేటరీలోనే దొరికింది. బ్లాక్‌ సిక్స్‌కి మద్యం కలిపిన నీళ్లంటే ఇష్టం. మామూలు నీళ్లు పక్కనే ఉన్నా అటే పోతుంది. డీబీఏ వంశం ఎలుక ఆ ఛాయలకే పోదు! ఈ రెండింటినీ జతకట్టిస్తే? పిల్లల్లో ఇద్దరి జన్యువులూ కలుస్తాయి. మనవల తరానికి ఆ జన్యువులు పేకముక్కల్లా కలగాపులగమైపోతాయి. ఒక్కో మనవడికి ఒక్కోరకం పంపకం. ఆ మనవల్లో ఒక్కో జంటతో విడివిడిగా మళ్లీ ఇరవై తరాల అన్నాచెల్లెళ్ల పద్ధతి మొదలెడితే ఒక్కో కలగలుపు ఒక్కో శాశ్వత వంశంగా స్థిరపడిపోతుంది.

బెంజమిన్‌ టేలర్‌ అనే శాస్త్రవేత్త అలా మొదట రెండు డజన్లకు పైగా వంశాల్ని తయారుచేశాడు. 'బీఎక్స్‌డీ' అనే ఆ కుటుంబంలో ఇప్పుడు వందకు పైగా వంశాలున్నాయి. ఇందులోని గొప్పతనం ఏమిటంటే... ఒక వంశానికి జాతకం ఒక్కసారి రాస్తే చాలు. ఆ వంశంలో ఎప్పుడు ఏ ఎలుక పుట్టినా అదే జాతకం. ఒక దేశంలో ఒకరు దాని ఎముక బలం కొలుస్తారు. పదేళ్ల తర్వాత మరో దేశంలో ఇంకొకరు దాని నిద్ర కొలుస్తారు. రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఇలాంటి కొలతలన్నిటినీ ఒకచోట చేర్చి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా 2001 ప్రాంతంలో టెనెసీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్‌ విలియమ్స్‌ బృందం 'జీన్‌నెట్‌వర్క్‌' అనే కంప్యూటర్‌ భాండాగారాన్ని మొదలెట్టింది.

2002 డిసెంబరులో బ్లాక్‌ సిక్స్‌ జన్యుపటం వెలువడింది. దాదాపు 250 కోట్ల అక్షరాలు. మనిషి జన్యువుల్లో నూటికి 99 శాతానికి ఎలుకలో ఏదో ఒక బంధువు ఉందని తేలింది. 2011లో బ్రిటన్‌లోని శాంగర్‌ సంస్థ నేతృత్వంలో 17 వంశాల జన్యుక్రమాలు వచ్చాయి. ఏ వంశంలో ఏ అక్షరం మారిందో పుస్తకం తెరిచి చూసుకున్నంత తేలికైంది.

ఎనిమిదిమంది ముత్తాతలు

బీఎక్స్‌డీలో ఇద్దరే మూలపురుషులు. మనుషుల వైవిధ్యం ముందు అదేం సరిపోతుంది? అందుకే ఈ శతాబ్దం మొదట్లో శాస్త్రవేత్తలంతా కలిసి ఓ భారీ ప్రణాళిక వేశారు. దాని పేరు 'కొలాబరేటివ్‌ క్రాస్‌'. అమెరికా, ఇజ్రాయెల్‌, ఆస్ట్రేలియాల్లో ఈ పని సాగింది.

దీనికి ఎనిమిది వంశాల్ని ఎంచుకున్నారు. వాటిలో అయిదు పాత ప్రయోగశాల వంశాలు. బ్లాక్‌ సిక్స్‌ వాటిలో ఒకటి. స్థూలకాయంతో పుట్టే న్యూజిలాండ్‌ ఎలుక ఒకటి. సన్నగా ఉంటూనే మధుమేహం తెచ్చుకునే జపాన్‌ ఎలుక ఇంకొకటి. మిగతా మూడూ ఆరుబయట బతికిన ఎలుకల సంతతి. ఒకదాని పూర్వీకులు థాయ్‌లాండ్‌వి, మరోదానివి ప్రేగ్‌ పరిసరాలవి, మూడోదానివి అమెరికాలోని మేరీలాండ్‌వి. పట్నం పిల్లలు అయిదుగురితో పల్లెటూరి పిల్లలు ముగ్గుర్ని కలిపినట్టు! చిట్టెలుకల్లో ఉన్న జన్యు తేడాల్లో అత్యధిక భాగం ఈ ఎనిమిదింటిలోనే దొరుకుతుంది. ఆ తేడాలు కోట్లలోనే ఉంటాయి.

ఎనిమిది వంశాల్నీ జతలు జతలుగా కలిపారు. ఆ పిల్లల్ని మళ్లీ కలిపారు. మూడో విడతకల్లా ఎనిమిదిమంది రక్తమూ ఒకే ఇంట్లోకి చేరింది. ఆపైన మామూలే... తరాల తరబడి అన్నాచెల్లెళ్ల పద్ధతి.

అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. వందల సంఖ్యలో మొదలెట్టిన వంశాల్లో అత్యధికం మధ్యలోనే అంతరించిపోయాయి. దూరదేశాల జన్యువులు ఒకదానితో ఒకటి పొసగక చాలాచోట్ల మగ ఎలుకలకు సంతానం కలగలేదు. ఏళ్ల తరబడి పెంచిన వంశం ఓరోజు ఆఖరి ఎలుకతో ఆగిపోతుంటే చూస్తూ ఊరుకోవాల్సివచ్చేది. చివరికి కొన్ని డజన్లు మిగిలాయి. 2017లో వాటిలో 69 వంశాల పూర్తి జన్యుక్రమాన్ని ప్రచురించారు.

అదే మూలాల నుంచి జాక్సన్‌ లేబొరేటరీ మరో రకాన్నీ తయారుచేసింది. పేరు 'డైవర్సిటీ అవుట్‌బ్రెడ్‌'. ఇందులో అన్నాచెల్లెళ్ల పెళ్లిళ్లు నిషేధం. దగ్గర బంధువులు జతకట్టకుండా చూస్తారు. అందుకే ఏ రెండు ఎలుకలూ ఒకేలా ఉండవు. తిరనాళ్లకు వచ్చిన జనంలా ఎవరికి వాళ్లే!

తోకచివర జాతకం

సరే... ప్రతి ఎలుకా వేరైనప్పుడు దేనిలో ఏ ముత్తాత ముక్క ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఎలుక తోక చివర్నుంచి మిల్లీమీటర్లలో కొలిచేంత ముక్క తీసుకుంటారు. అందులోంచి డీఎన్‌ఏను వేరుచేస్తారు. దాన్ని ఓ చిన్న పలక మీద పోస్తారు. 'జన్యుచిప్‌' అనే ఆ పలక మీద వేల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క ఒక్కో ప్రశ్న... 'ఈ చోట నీ దగ్గరున్న అక్షరం ఏది?' అని. జవాబును బట్టి ఆ చుక్క వెలుగుతుంది. ఆ వెలుగుల్ని యంత్రం చదివేస్తుంది. చిట్టెలుకల కోసం తయారైన 'మూగా' చిప్‌లలో మొదటిది దాదాపు ఎనిమిదివేల ప్రశ్నలు అడిగేది. తర్వాత వచ్చిన 'గిగామూగా' అడిగేవి లక్షా నలభైవేల పైచిలుకు!

జవాబుల్ని కంప్యూటర్‌కి ఇస్తే అది ఎనిమిది వంశాలకీ ఎనిమిది రంగులిచ్చి బొమ్మ గీస్తుంది. బ్లాక్‌ సిక్స్‌ ముక్కలకు బూడిదరంగు. థాయ్‌లాండ్‌వాటికి ఆకుపచ్చ. న్యూజిలాండ్‌ స్థూలకాయుడికి లేతనీలం. ఇలా ఒక్కో క్రోమోజోమూ రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన బొంతలా కనిపిస్తుంది. అమ్మమ్మ కుట్టిన బొంతను చూసి 'ఇది అక్క పరికిణీ ముక్క, ఇది తాతయ్య చొక్కాది' అని గుర్తుపట్టినట్టే... ఏ ముక్క ఏ ముత్తాతదో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక అసలు పని. రెండువందల ఎలుకలకు ఒకే కొవ్వు తిండి పెట్టారనుకుందాం. కొన్ని బాగా లావెక్కాయి. కొన్ని సన్నగానే ఉన్నాయి. లావువాటి బొంతలన్నీ ఒకవైపు, సన్నవాటివి ఒకవైపు పరుస్తారు. క్రోమోజోముల్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వెతుకుతారు. ఒకచోట లావు ఎలుకల్లో చాలావాటికి లేతనీలం ముక్కే ఉండి, సన్నవాటిలో అది కనబడకపోతే... అనుమానం అక్కడే! ఆ ముక్కలో ఏయే జన్యువులున్నాయో చూసి, ఒక్కోదాన్నీ పరీక్షిస్తారు. ఈ లెక్కలన్నీ చేతితో వేయడం అసాధ్యం. అందుకే కార్ల్‌ బ్రోమన్‌ లాంటి గణాంక శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా ప్రోగ్రాములు రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు.

ఎబోలా పరీక్ష

ఇంత శ్రమా దేనికంటే... జవాబు 2014లో దొరికింది.

అప్పుడు పశ్చిమాఫ్రికాను ఎబోలా కుదిపేస్తోంది. 2016లో ఆ మహమ్మారి అంతమయ్యేసరికి పదకొండువేల మందికి పైగా చనిపోయారు. విచిత్రమేంటంటే సోకినవాళ్లంతా ఒకేలా బాధపడలేదు. కొందరికి రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిని రక్తస్రావమైంది. కొందరు కోలుకున్నారు. దీన్ని మామూలు ప్రయోగశాల ఎలుకల మీద పరిశోధిద్దామంటే కుదరదు. వాటికి వైరస్‌ సోకితే చనిపోతాయి తప్ప మనుషుల్లోలా రక్తస్రావ లక్షణాలు కనబడవు.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో, అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఉన్న రాకీ మౌంటెన్‌ ప్రయోగశాలల్లో శాస్త్రవేత్తలు కొలాబరేటివ్‌ క్రాస్‌ ఎలుకల్ని రంగంలోకి దించారు. అన్నిటికీ ఒకే వైరస్‌. మొదటి కొద్దిరోజుల్లో అన్నీ బరువు తగ్గాయి. ఆ తర్వాత దారులు వేరయ్యాయి. 19 శాతం ఎలుకలు రెండు వారాల్లో పోయిన బరువు తిరిగి తెచ్చుకుని ఏమీ జరగనట్టు తిరిగాయి. 11 శాతం కొంతవరకు తట్టుకున్నాయి. మిగతా 70 శాతంలో సగానికిపైగా మరణాలు. వాటిలో కొన్నింటికి కాలేయం వాచింది. మరికొన్నింటికి రక్తం గడ్డకట్టడం ఆలస్యమైంది... అచ్చం మనుషుల్లోలాగే!

అంటే వైరస్‌ ఒక్కటే. రోగాలు మాత్రం వేరువేరు. కారణం వెతికితే రక్తనాళాల గోడల్ని కాచుకునే 'టెక్‌' అనే జన్యువు దగ్గర తేడా కనిపించింది. జబ్బు ముదిరిన ఎలుకల్లో దాని పని మందగించింది. ఎబోలా లాంటి ప్రమాదకర వ్యాధికి మందులు, టీకాలు పరీక్షించడానికి మనుషులకు దగ్గరగా ఉండే నమూనా అలా చేతికొచ్చింది.

మనింటి మాత్ర

ఎబోలా దూరపు మాట. పారాసెటమాల్‌ మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. పరిమితిలో వాడితే భయం లేదు. ఎక్కువైతే కాలేయానికి ముప్పు. అయితే 2006లో ఓ పరిశోధన వైద్యుల్ని ఆలోచనలో పడేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు గరిష్ఠ పరిమితి అయిన రోజుకు నాలుగు గ్రాముల చొప్పున వరసగా రెండు వారాలు ఇచ్చి చూశారు. వారిలో ముప్ఫై శాతానికి పైగా జనంలో కాలేయం ఒత్తిడిలో ఉందని చెప్పే ఎంజైము మామూలు గరిష్ఠస్థాయికి మూడురెట్లు దాటింది. మిగతావాళ్లలో అంతగా పెరగలేదు. మోతాదు అదే... మరి తేడా ఎందుకు?

జవాబు కోసం 36 వంశాల చిట్టెలుకలకు అదే మందు ఇచ్చారు. కొన్నిటి కాలేయం బాగా దెబ్బతింది. కొన్నిటిది చెక్కుచెదరలేదు. జన్యు తేడాలతో పోల్చి అనుమానితుల జాబితా తయారుచేశారు. వాటిలో 'సీడీ44' అనే జన్యువును మనుషుల్లో వెతికితే, అక్కడా దాని తేడాకీ ఎంజైము పెరుగుదలకీ సంబంధం కనిపించింది. 2009లో ఆ ఫలితం ప్రచురితమైంది. ఎలుకలో అడిగిన ప్రశ్నకు మనిషిలో జవాబు దొరికిందన్నమాట!

పెట్రోలు ఆవిరిలో ఉండే బెంజీన్‌ సంగతీ అంతే. 2015లో డైవర్సిటీ అవుట్‌బ్రెడ్‌ ఎలుకల మీద దాన్ని పరీక్షించారు. హాని మొదలయ్యే మోతాదు, అంతకుముందు ఒకే రకం ఎలుకలతో వేసిన లెక్కకన్నా దాదాపు పదోవంతేనని తేలింది. గట్టి ఒంటితత్వం ఉన్న ఒక్కరిని చూసి పరిమితి గీస్తే సున్నితమైనవాళ్లు దెబ్బతింటారు. ఇలాంటి అంచనాలు తప్పితే నష్టపోయేది మనుషులే.

వేరే ఎలుక వస్తే?

పనిముట్టు ఎంత గొప్పదైనా దానికీ పరిమితులున్నాయి. 1999లో ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికా, కెనడాల్లోని మూడు ఊళ్లలో ఒకే వంశాల ఎలుకలకు, ఒకే పరికరాలతో, ఒకే సమయానికి అవే పరీక్షలు పెట్టారు. అయినా కొన్ని ఫలితాలు ఊరిని బట్టి మారిపోయాయి! జన్యువు ఒక్కటే సర్వస్వం కాదని, పెరిగిన చోటు కూడా లెక్కలోకి వస్తుందని ఆ చిన్ని ప్రాణులే చెప్పాయి.

ఇంకో సమస్య... కాలం. 1951లో జాక్సన్‌ లేబొరేటరీ నుంచి కొన్ని బ్లాక్‌ సిక్స్‌ ఎలుకలు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు వెళ్లాయి. అక్కడొకటి, ఇక్కడొకటి... రెండు శాఖలయ్యాయి. పేరు ఒక్కటే కాబట్టి చాలామంది రెండూ ఒకటే అనుకున్నారు. కానీ తరాలు గడిచేకొద్దీ చిన్నచిన్న మార్పులు చేరాయి. జాక్సన్‌ శాఖలో ఓ జన్యువు ముక్క ఊడిపోయింది. రక్తంలో చక్కెరను అదుపుచేయడంలో ఆ శాఖ వెనకబడింది. ఓ మధుమేహ పరిశోధనలో పొరపాటున ఒక శాఖ బదులు మరో శాఖ వాడితే? మందు పనిచేసిందో, శాఖ తేడానో తెలియదు. ఏళ్ల శ్రమ, డబ్బు, ప్రాణుల బలి... అన్నీ వృథా. 2020లో వచ్చిన 'మినీమూగా' చిప్‌ ఉద్దేశాల్లో ఇది ముఖ్యమైనది. పంజరంలో ఉన్నది తాము కోరిన ఎలుకేనా, మరో వంశం కలిసిందా అన్నది అది తేల్చేస్తుంది. జాక్సన్‌ లేబొరేటరీ కూడా పిండాల్ని గడ్డకట్టించి దాచిపెట్టి, కొన్ని తరాలకోసారి వాటితోనే వంశాన్ని కొత్తగా మొదలెడుతోంది.

'నోరులేని జీవాల్ని హింసించడమెందుకు' అనే ప్రశ్నా ఉండనే ఉంది. వీలైనచోట జంతువులు లేకుండానే పరీక్షించాలి, తప్పనప్పుడు తక్కువవాటిని వాడాలి, వాటికి బాధ తగ్గించాలి... ఈ మూడు సూత్రాల్నీ 1959లోనే ఇద్దరు బ్రిటిష్‌ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. సరైన ఎలుకను ఎంచుకోవడం, ఒకసారి కొలిచిన లెక్కల్ని అందరూ పంచుకోవడం అనవసరంగా పోయే ప్రాణాల్ని తగ్గిస్తాయి.

హైదరాబాద్‌లో లావు ఎలుక

ఒకే వంశంలో ఉన్నట్టుండి ఓ తేడా ఎలుక పుట్టడం, అది పరిశోధనకు కొత్తదారి చూపడం అమెరికాకే పరిమితం కాదు. 1918లో కూనూరులో చిన్న విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చిన సంస్థ జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ 1920 నుంచీ ఓ తెల్ల ఎలుకల వంశాన్ని కాపాడుకుంటూ వస్తున్నారు. ఇవి చిట్టెలుకలు కావు, వాటికన్నా పెద్దవి. 1990ల్లో ఆ వంశంలో బొద్దుగా, విపరీతంగా తినే ఎలుకలు కొన్ని కనిపించాయి. శాస్త్రవేత్తలు వాటిని వేరుచేసి పెంచి స్థూలకాయానికి ఓ కొత్త నమూనా వంశాన్ని తయారుచేశారు. స్థూలకాయం మీద, దానివల్ల వచ్చే సమస్యల మీద అక్కడ పరిశోధనలకు ఆ ఎలుకలు ఆధారమయ్యాయి. లాత్రప్‌ పెరట్లోలాగే ఇక్కడా మొదటి పనిముట్టు ఒక్కటే... తేడాను గమనించి, రాసిపెట్టుకున్న కళ్లు.

మళ్లీ మన జ్వరం ఇంటికి వద్దాం. బాబాయికి నెలరోజుల నొప్పి ఎందుకొచ్చిందో చిట్టెలుక ఇవాళే చెప్పలేదు. ఎలుకలో దొరికిన ప్రతి జవాబూ మనిషికి వర్తించదు కూడా. కానీ 'అందరికీ ఒకే మందు, ఒకే మోతాదు' అన్న ధీమా ఎందుకు సరికాదో అది ఇప్పటికే చూపించింది. ఏ జన్యువు దగ్గర వెతకాలో దారి చెబుతోంది. 'ఎవరి ఒంటితత్వం వాళ్లది' అన్న మాట ఎక్కువగా వినిపించేది చీటీ రాసిన డాక్టరు గది బయటే. ఆ తత్వమేంటో చదివి, దాన్నిబట్టే ఆయన చీటీ రాసే రోజు వస్తే... అందులో లాత్రప్‌ పెరటి ఎలుకలకీ కాస్త వాటా ఉంటుంది.